కరెంట్ అకౌంట్ చార్జీలు తగ్గాలంటే బ్యాంకు ఎలా మార్చాలి, అసలు మార్చాలా

షాపు పేరు మీద కరెంట్ అకౌంట్ ఉన్నవాళ్లు ముందు ఒక పని చేయండి, పోయిన ఏడాది స్టేట్‌మెంట్ మొత్తం డౌన్‌లోడ్ చేసుకోండి, పీడీఎఫ్ వద్దు, ఎక్సెల్‌లో. డబ్బులు పోయిన కాలమ్‌లో పార్టీలకి కట్టినవి, ఈఎంఐలు, ఇంటికి వాడుకున్నవి తీసేస్తే మిగిలినవన్నీ బ్యాంకు కోసుకున్నవే. మినిమం బ్యాలెన్స్ చార్జీ, క్యాష్ హ్యాండ్లింగ్ చార్జీ, లెడ్జర్ ఫోలియో (అకౌంట్ లెక్క పేజీలకి వేసే చార్జీ), చెక్‌బుక్, ఎస్సెమ్మెస్, చెక్కు రిటర్న్... ఒక్కోటి చూస్తే చిన్నదే, పైగా ప్రతిదాని మీద 18 శాతం జీఎస్టీ ఉంటుంది. వాటిని రకాలవారీగా విడగొట్టి ఏడాదికి ఎంతైందో కూడండి. ఇది చేయకుండా "ఆ బ్యాంకులో జీరో బ్యాలెన్స్ అంటండీ" అని ఎవరో చెప్పారని మారిపోతే ఒక చార్జీ తప్పించుకుని ఇంకో చార్జీలో పడతారు.

ఎందుకంటే చాలా షాపులకి అసలు దెబ్బ మినిమం బ్యాలెన్స్ దగ్గర కాదు, క్యాష్ డిపాజిట్ దగ్గర. కిరాణా, మెడికల్, ఫెర్టిలైజర్ షాపులకి ఇప్పటికీ గల్లాలో నోట్లే ఎక్కువ కదా. బ్యాంకు నెలకి ఇంతవరకు ఫ్రీ అని లిమిట్ పెడుతుంది, అది దాటితే వెయ్యికి ఇంత అని కోస్తుంది. లెక్క కోసం వెయ్యికి 3 రూపాయలు అనుకుందాం, మీరు నెలకి లిమిట్ కన్నా 4 లక్షలు ఎక్కువ కట్టారనుకుందాం, 1,200 రూపాయలు, జీఎస్టీ 216 కలిపి 1,416. ఏడాదికి 16,992. ఇంత పోతున్నవాడికి జీరో బ్యాలెన్స్ అకౌంట్ ఇచ్చి ఏం లాభం, పైగా జీరో బ్యాలెన్స్ వేరియంట్లలో ఫ్రీ క్యాష్ లిమిట్ చాలాసార్లు ఇంకా తక్కువ ఉంటుంది. అదే స్కానర్ మీద ఎక్కువ అమ్మకం జరిగే టిఫిన్ సెంటర్‌కో మొబైల్ షాపుకో అయితే క్యాష్ లిమిట్‌తో పనే లేదు, వాళ్లకి జీరో బ్యాలెన్సే కరెక్ట్. మీకు ఏ చార్జీ పడుతుందో దాన్ని బట్టే బ్యాంకు, పేరుని బట్టి కాదు.

మినిమం బ్యాలెన్స్ గురించి కూడా ఒక మాట. "రోజూ 25 వేలు ఉంచాలంట" అని చాలామంది అనుకుంటారు కానీ ఎక్కువ అకౌంట్లలో అది యావరేజ్, నెలకో మూడు నెలలకో. రోజూ రాత్రికి ఎంత బ్యాలెన్స్ ఉందో అన్ని రోజులదీ కూడి రోజులతో భాగిస్తారు. క్వార్టర్లో 90 రోజులుంటే 25 వేల చొప్పున మొత్తం 22 లక్షల 50 వేలు కావాలి, అంటే సీజన్లో కలెక్షన్ వచ్చినప్పుడు ఒక పది రోజులు 2 లక్షల 25 వేలు కదపకుండా ఉంచితే ఆ క్వార్టర్ అయిపోయినట్టే, మిగతా 80 రోజులు సున్నా ఉన్నా పర్లేదు. సరుకు డబ్బులు కట్టే తేదీ కొంచెం అటూ ఇటూ జరుపుకునే వీలుంటే ఈ చార్జీ పడకుండా చూసుకోవచ్చు, బ్యాంకు మారక్కర్లేదు. కాకపోతే కరెంట్ అకౌంట్‌లో వడ్డీ రాదు, సీసీ (క్యాష్ క్రెడిట్, వ్యాపారానికి బ్యాంకు ఇచ్చే అప్పు) మీద వడ్డీ కడుతూ ఇక్కడ డబ్బు ఊరికే పెట్టడం మాత్రం తెలివైన పని కాదు, ఆ లెక్క కూడా వేసుకోండి.

ఇంకొకటి, ఇది కౌంటర్లో వాళ్లంతట వాళ్లు చెప్పరు. అదే బ్యాంకులో తక్కువ బ్యాలెన్స్ వేరియంట్ ఏదైనా ఉందేమో అడగండి. అకౌంట్ తెరిచినప్పుడు టార్గెట్ కోసమో ఏమో 50 వేలదో లక్షదో అంటగట్టి ఉంటారు, కిందది 10 వేలదో 25 వేలదో ఉంటుంది. "నా అకౌంట్ వేరియంట్ మార్చండి" అని లెటర్‌హెడ్ మీద రాసి స్టాంపు వేసి ఇస్తే సరిపోతుంది, మామూలుగా అకౌంట్ నంబర్ మారదు, చెక్‌బుక్ మారదు, పార్టీలకి చెప్పుకునే పని లేదు. అలాగే ఈమధ్య పడ్డ మినిమం బ్యాలెన్స్ చార్జీ రివర్స్ చేయమని మేనేజర్ గారిని అడగండి, పాత కస్టమర్‌కి ఒకసారైతే చేస్తారు చాలామంది. అడగడానికి మొహమాటపడొద్దు, మన డబ్బే.

జీఎస్టీ రెగ్యులర్ స్కీములో ఉన్నవాళ్లు ఇంకోటి వదిలేస్తుంటారు. బ్యాంకు చార్జీల మీద కట్టిన 18 శాతం మీకు ఇన్‌పుట్ క్రెడిట్‌గా వస్తుంది, అంటే మీరు కట్టాల్సిన జీఎస్టీలోంచి తగ్గుతుంది, కాకపోతే మీ జీఎస్టీ నంబర్ బ్యాంకు రికార్డులో ఎక్కి ఉండాలి, అప్పుడే జీఎస్టీ పోర్టల్లో మీ క్రెడిట్లు చూపించే 2బీ స్టేట్‌మెంట్లో కనిపిస్తుంది. కాంపోజిషన్ స్కీము (అమ్మకం మీద ఇంత శాతం అని కట్టేసేది) వాళ్లకి ఇది రాదు.

ఇవన్నీ చూశాక కూడా మారాల్సిందే అనిపిస్తే, అప్పుడు మారండి.

మన దగ్గర మొబైల్ నంబర్ పోర్టబిలిటీ లాంటిది బ్యాంకు అకౌంట్‌కి లేదు. 2017లో ఆర్‌బీఐ డిప్యూటీ గవర్నర్‌గా ఉన్న ఎస్.ఎస్. ముంద్రా అకౌంట్ నంబర్ పోర్టబిలిటీ రావాలని అన్నారు కానీ మనమింకా అన్నీ చేత్తో మార్చుకుంటున్నాం. లండన్లో ఉండే మనవాళ్లకైతే 2013 నుంచి స్విచ్ సర్వీస్ ఉంది, కొత్త బ్యాంకుకి చెప్తే ఏడు పని దినాల్లో పేమెంట్లన్నీ వాళ్లే మార్చి పాత అకౌంట్ కూడా మూసేస్తారు. ఇక్కడ ఆ పని మనదే, కాబట్టి వరసే ముఖ్యం. కొత్తది తెరవాలి, కొన్నాళ్లు రెండూ నడపాలి, పాతది ఆఖర్న మూయాలి. కోపంలో ముందు క్లోజ్ చేసి తర్వాత కొత్తది వెతుక్కోవడం అస్సలొద్దు.

కొత్త బ్యాంకుకి వెళ్లినప్పుడు నోటి మాట వినకుండా షెడ్యూల్ ఆఫ్ చార్జెస్ కాగితం అడగండి, వెబ్‌సైట్లో కూడా ఉంటుంది. అందులో చూడాల్సింది నెలకి ఫ్రీ క్యాష్ ఎంత, సొంత బ్రాంచిలోనా వేరే బ్రాంచిలో కట్టినా అంతేనా, డిపాజిట్ మెషీన్లో వేస్తే లెక్కలోకి వస్తుందా, చెక్కు రిటర్న్‌కి ఎంత, ఏడాదిలోపు క్లోజ్ చేస్తే ఎంత. నెఫ్ట్ (ఒక బ్యాంకు నుంచి ఇంకో బ్యాంకుకి డబ్బు పంపే పద్ధతి) సంగతి కూడా అడగండి. ఆన్‌లైన్ నెఫ్ట్ ఫ్రీగా ఇవ్వాలని 2020 జనవరి 1 నుంచి ఆర్‌బీఐ పెట్టిన రూలు సేవింగ్స్ అకౌంట్లకే, కరెంట్ అకౌంట్‌కి బ్యాంకు ఇష్టం. కొన్ని బ్యాంకులు స్వైపింగ్ మెషిన్ మీదో స్కానర్ మీదో నెలకి ఇంత అమ్మకం జరిగితే బ్యాలెన్స్ అడగం అంటాయి, అప్పుడు మెషిన్ అద్దె ఎంత, సౌండ్‌బాక్స్ అద్దె ఎంత, అది కూడా కలిపి చూడాలి. మొదటి ఆర్నెల్లు ఏడాది ఫ్రీ అని తర్వాత మొదలుపెట్టేవి కూడా ఉంటాయి.

"ఇదంతా ఎందుకు, సేవింగ్స్ అకౌంట్‌లోనే వ్యాపారం నడిపేస్తే పోలా" అని అడిగేవాళ్లుంటారు. వ్యాపారానికి సేవింగ్స్ ఇవ్వకూడదనేది రూలు, చిన్నగా తోపుడు బండి మీద స్కానర్ పెట్టుకుంటే ఎవరూ అడగకపోవచ్చు కానీ లావాదేవీలు పెరిగాక బ్యాంకు ఆపేసి కరెంట్‌కి మారమంటుంది, అది మీకు సరుకు డబ్బులు కట్టే రోజే జరుగుతుంది చూడండి.

సొంత ప్రొప్రైటర్‌షిప్ అయితే కాగితాలకి పెద్దగా తిప్పలు లేవు, పాన్, ఆధార్, ఇంకా షాపు పేరు మీద రెండు రుజువులు, జీఎస్టీ సర్టిఫికెట్, ఉద్యం (చిన్న వ్యాపారాల ప్రభుత్వ రిజిస్ట్రేషన్) సర్టిఫికెట్, షాపు లైసెన్సు ఇలాంటివి. ఉద్యం రిజిస్ట్రేషన్ ప్రభుత్వ సైట్లో పూర్తిగా ఉచితం, దానికి వెయ్యి రెండువేలు తీసుకునే నెట్ సెంటర్లకి ఇవ్వకండి. షాపు పేరు అన్ని కాగితాల్లో ఒకే స్పెల్లింగ్ ఉందో లేదో చూసుకోండి, ఒకదాంట్లో ట్రేడర్స్ ఇంకోదాంట్లో ట్రేడింగ్ అని ఉంటే అక్కడే ఆగిపోతుంది.

సీసీ గానీ ఓడీ (ఓవర్‌డ్రాఫ్ట్) గానీ ఉన్నవాళ్లు మాత్రం ముందు లోన్ ఇచ్చిన బ్యాంకుతో మాట్లాడాకే వేరేచోట కరెంట్ అకౌంట్ తెరవండి. 2020 ఆగస్టు నుంచి దీనిమీద ఆర్‌బీఐ నిబంధనలున్నాయి, కొత్త బ్యాంకు మీ లోన్ల సంగతి చూసి డిక్లరేషన్ తీసుకుంటుంది. చిన్న లోన్లకి ఇబ్బంది ఉండదు, దాచిపెడితేనే ఇబ్బంది.

కొత్త అకౌంట్ వచ్చాక మొదట మార్చాల్సింది డబ్బు వచ్చే దారులు, తర్వాత పోయే దారులు. స్కానర్, స్వైపింగ్ మెషిన్ రెండిటికీ సెటిల్‌మెంట్ అకౌంట్ మార్చి, ఒక చిన్న అమ్మకం చేసి డబ్బు కొత్త దాంట్లో పడిందో లేదో చూసుకున్నాకే పాత స్టిక్కర్ పీకండి. బిల్లు బుక్కు మీద, వాట్సాప్‌లో పంపే ఇన్‌వాయిస్ మీద పాత నంబర్ ఉంటుంది, అది మర్చిపోతారు. పార్టీలకి కొత్త అకౌంట్ నంబర్ ఊరికే మెసేజ్ పెడితే నమ్మకపోవచ్చు, నమ్మకూడదు కూడా, ఇలాంటి మెసేజ్‌లతోనే మోసాలు జరుగుతున్నాయి, కాబట్టి క్యాన్సిల్డ్ చెక్కు ఫొటో పంపి ఫోన్ చేసి చెప్పండి. ఆంధ్రా బ్యాంకు 2020 ఏప్రిల్ 1న యూనియన్ బ్యాంకులో కలిశాక ఐఎఫ్‌ఎస్‌సీ కోడ్లు మారినప్పుడు ఈ తంతు మనలో చాలామంది ఒకసారి పడ్డదే.

జీఎస్టీ పోర్టల్లో బ్యాంకు అకౌంట్ మార్పు నాన్-కోర్ అమెండ్‌మెంట్ కిందకి వస్తుంది, ఆఫీసర్ అప్రూవల్ అక్కర్లేదు. కొత్తది యాడ్ చేసి వ్యాలిడేట్ అయిందో లేదో చూసి ఆ తర్వాత పాతది తీయండి, రిఫండ్ ఏదైనా పెండింగులో ఉంటే పాతదాన్ని కదపకండి. ఇన్‌కమ్‌టాక్స్ పోర్టల్లో కూడా కొత్త అకౌంట్‌ని ప్రీ-వ్యాలిడేట్ చేసి రిఫండ్‌కి టిక్ పెట్టాలి. ఆడిటర్ గారికి ఒక మాట చెప్తే ఈ రెండూ ఆయన ఆఫీసులోనే అయిపోతాయి.

ఆటోమేటిక్‌గా కోతపడేవి, అంటే వెహికల్ లోన్ ఈఎంఐ, ఇన్సూరెన్సు, చిట్టీ, కరెంటు బిల్లు, వీటికోసం ఏడాది స్టేట్‌మెంట్ అవసరం, నెలకోసారి పడేవే కాదు ఏడాదికోసారి పడే ప్రీమియం కూడా దొరకాలి కదా. నాచ్ మాండేట్ (ఈఎంఐ దానంతటది కోసుకోమని మీరిచ్చిన అనుమతి) అకౌంట్‌తో పాటు దానంతటది రాదు, ఫైనాన్స్ కంపెనీకి కొత్త మాండేట్ ఇవ్వాలి, అది రిజిస్టర్ అయ్యి కొత్త అకౌంట్ నుంచి ఒక ఈఎంఐ నిజంగా కట్ అయ్యేదాకా పాత అకౌంట్లో ఆ డబ్బు ఉంచండి. బౌన్స్ అయితే బ్యాంకు ఒక చార్జీ, ఫైనాన్స్ వాళ్లు ఒక చార్జీ, సిబిల్ పాడవడం వేరే.

అన్నిటికన్నా జాగ్రత్తగా ఉండాల్సింది చెక్కులు. మీరిచ్చిన చెక్కు దాని మీదున్న తేదీ నుంచి మూడు నెలలు చెల్లుతుంది, అంటే ముందు తేదీ వేసి ఇచ్చిన చెక్కులైతే ఆ తేదీ నుంచి మూడు నెలలు. ఈలోపు అకౌంట్ మూసేస్తే చెక్కు "అకౌంట్ క్లోజ్డ్" అని తిరిగొస్తుంది, మూసేశాను కాబట్టి బౌన్స్ కేసు కాదు అనుకోవడానికి లేదు, అది కూడా చెక్ బౌన్స్ కేసులు పెట్టే సెక్షన్ 138 కిందకే వస్తుందని సుప్రీంకోర్టు 1999లోనే చెప్పేసింది. హోల్‌సేల్ పార్టీల దగ్గర సెక్యూరిటీ కింద ఇచ్చిన తేదీ వేయని చెక్కులు ఇంకా ప్రమాదం. చెక్‌బుక్ కౌంటర్‌ఫాయిల్స్ తిరగేసి స్టేట్‌మెంట్‌తో పోల్చి, పాస్ కానివన్నీ రాసుకుని, ఆ పార్టీల దగ్గరికి వెళ్లి కొత్త బ్యాంకు చెక్కులిచ్చి పాతవి వెనక్కి తీసుకోండి. ఇది బద్ధకిస్తే చార్జీల్లో మిగిలినదంతా వకీలు ఫీజుకి పోతుంది.

ఇక మూసే రోజు. దానికి ముందే అకౌంట్ తెరిచినప్పటి నుంచి స్టేట్‌మెంట్లన్నీ దించుకోండి, క్లోజ్ అయ్యాక నెట్ బ్యాంకింగ్ పనిచేయదు, జీఎస్టీ చట్టం ప్రకారం లెక్కలు యాన్యువల్ రిటర్న్ గడువు నుంచి 72 నెలలు ఉంచాలి. వాడని చెక్కు ఆకులు, డెబిట్ కార్డు తీసుకెళ్లి లెటర్‌హెడ్ మీద రిక్వెస్టు, మిగిలిన బ్యాలెన్స్ ఏ అకౌంట్‌కి పంపాలో రాసి ఇవ్వండి. పార్ట్‌నర్‌షిప్ అయితే పార్ట్‌నర్లందరి సంతకాలు, కంపెనీ అయితే బోర్డు రిజల్యూషన్ అడుగుతారు. సిస్టమ్‌లో అప్పటిదాకా పడాల్సిన చార్జీలు ఆరోజే లెక్కగట్టి కోస్తారు కాబట్టి ఆ వివరం ప్రింటు అడిగి చూడండి. రిక్వెస్టు కాపీ మీద తేదీతో బ్యాంకు స్టాంపు వేయించుకోండి, తర్వాత క్లోజర్ లెటర్ తీసుకోండి.

"ఎందుకులే, బ్యాలెన్స్ సున్నా చేసి వదిలేస్తే అదే పోతుంది" అనుకోకండి. మినిమం బ్యాలెన్స్ చార్జీలతో అకౌంట్ మైనస్‌లోకి పోకూడదనే ఆర్‌బీఐ రూలు సేవింగ్స్‌కే ఉంది. కరెంట్ అకౌంట్ మైనస్‌లోకి పోతుంది, రెండేళ్లు ఏ లావాదేవీ లేకుండా ఉంటేనే ఇన్‌ఆపరేటివ్ (వాడుకలో లేని అకౌంట్) అవుతుంది, అప్పటిదాకా చార్జీలు పడుతూనే ఉండొచ్చు, తర్వాత అదే బ్యాంకులో లోన్‌కి వెళ్లినప్పుడు బయటపడుతుంది.

క్లోజ్ చేయకుండా రేపు రా ఎల్లుండి రా అని తిప్పుతుంటే, లేదా అన్యాయంగా కోసిన చార్జీ ఇవ్వకపోతే, ముందు బ్యాంకుకి రాతపూర్వకంగా కంప్లయింట్ ఇచ్చి నంబర్ తీసుకోండి. 30 రోజుల్లో జవాబు రాకపోయినా, వచ్చింది నచ్చకపోయినా బ్యాంకుల మీద ఫిర్యాదులు వినే ఆర్‌బీఐ అంబుడ్స్‌మన్‌కి వెళ్లొచ్చు, పైసా ఖర్చు లేదు, ఆర్‌బీఐ సీఎంఎస్ పోర్టల్లో ఆన్‌లైన్‌లోనే పెట్టొచ్చు, వివరాలకి 14448కి ఫోన్ చేయొచ్చు. స్టాంపు వేయించుకున్న ఆ కాపీ స్కాన్ చేసి జతచేయండి, అది లేకపోతే మీరు ఎప్పుడు అడిగారో రుజువు ఉండదు.