ప్రచారంలో దేవుడి మాట వస్తే ఏం చెప్పాలి

ఎమ్మెల్యేగా నిలబడుతున్నారనుకుందాం. విజయనగరం వైపు ఏ ఊరెళ్లినా ముందు గుడి దగ్గర కొబ్బరికాయ కొట్టిస్తారు, ఆ తర్వాత అరుగు మీద కూర్చున్న పెద్దావిడ ఎవరో అడగనే అడుగుతుంది: "ఏ దేవుడికి మొక్కుతావు బావూ?"

అడిగితే దాచకండి. "పైడితల్లమ్మకి మొక్కుతామమ్మా" అనో, "చర్చికి వెళ్తాను" అనో, నమ్మకం లేకపోతే లేదనో ఒక్క ముక్కలో నిజం చెప్పేయండి. సిరిమాను పండగ నాడు మీరెక్కడున్నారో ఊరందరికీ తెలుసు, అబద్ధం నిలవదు. చెప్పి అక్కడితో ఆపి, "కుళాయి ఎన్నింటికి వస్తోందమ్మా?" అని అడగండి. ఒకసారి నేను ఒక అభ్యర్థి వెనక కరపత్రాలు పట్టుకుని తిరిగాను. ఇదే ప్రశ్నకి ఆయన తన దీక్షలూ, అరసవల్లిలో చేయించిన పూజలూ పావుగంట చెప్పారు. ఆవిడ ఓపిగ్గా విని, ఖాళీ బిందె చంకన పెట్టుకుని లోపలికెళ్లిపోయింది. ఆ బిందె ఇప్పటికీ నా కళ్లముందే ఉంది.

అడక్కపోతే మీరుగా ఎత్తకండి.

"నేను ఫలానా దేవుణ్ని నమ్ముతాను" అనడం వేరు, "మనది ఒకే మతం, నాకే ఓటెయ్యండి" అనడం వేరు. రెండోది 1951 ప్రజాప్రాతినిధ్య చట్టం 123(3) సెక్షన్ కిందకి వస్తుంది, గెలిచినా కోర్టులో రుజువైతే ఎన్నిక రద్దే. అభ్యర్థి మతమే కాదు, ఓటరు మతం పేరు చెప్పి అడిగినా తప్పేనని 2017 జనవరిలో సుప్రీంకోర్టు ఏడుగురు జడ్జీల బెంచ్ 4-3తో తేల్చింది. "ఓటెయ్యకపోతే అమ్మవారికి కోపమొస్తుంది" అని భయపెట్టడం కూడా నేరుగా చట్టానికి చిక్కే మాటే. గుడిలోనో మసీదులోనో చర్చిలోనో ప్రచారం చెయ్యడానికి ఎన్నికల కోడ్ ఒప్పుకోదు.

నీతి సంగతి ఇంకాస్త చిక్కు. "నేను నీతిమంతుణ్ని" అంటే ఎవరికీ ఏమీ తెలియదు. ఈ నమ్మకం వల్ల రేపు కుర్చీలో కూర్చున్నాక నా సంతకం ఏమైనా మారుతుందా అని మిమ్మల్ని మీరు అడుక్కోండి. శనివారం ఒంటిపూట తింటారా, అది మీ ఇంటి విషయం, వదిలేయండి. మందంటే మీకు పడదు, బడి పక్కనున్న వైన్‌షాపు తీయించడానికి గట్టిగా పట్టుబడతారు అంటే మాత్రం అది జనానికి ముందే తెలియాలి, ఓట్లు పోతాయని టెన్షన్ పడినా సరే చెప్పి తీరాలి. అదే నోటితో చెప్పి రాత్రికి సీసాలు పంచారా, ఇక మీ మాట ఎవరూ వినరు.

ఇదంతా మీ వెంట తిరిగే కుర్రాళ్లకీ చెప్పండి. మీ ఏజెంటు అన్నా, మీ ఒప్పుదలతో ఇంకెవరు అన్నా చట్టం మీ మీదకే వస్తుంది. నామినేషన్ వేసిన రాత్రే కూర్చోబెట్టి మాట్లాడండి, ఆటోలో మైకు పట్టుకునేది వాళ్లే.