వరంగల్‌లో గజానియా: ఎండ కాదు, ముసురే గండం

గజానియా చామంతి కుటుంబం మొక్క. దక్షిణాఫ్రికా తీరంలో ఇసుక దిబ్బల మీద, రాతి గుట్టల మీద దానంతట అదే పెరుగుతుంది. ఆకు తిప్పి చూడండి, అడుగున తెల్లటి నూగు ఉంటుంది. ఆకులో తడి తొందరగా ఆరిపోకుండా కాపాడేది అదే. కాబట్టి ఎండలకు ఓర్చుకుంటుంది. జూలై, ఆగస్టు ముసురుకే చస్తుంది. నర్సరీల్లో చలికాలం మొక్కగా అమ్ముతారు గానీ, మొదలు కుళ్లకుండా చూస్తే ఏడాది దాటి కూడా బతుకుతుంది.

నల్లరేగడి వద్దే వద్దు. ఎర్ర చెల్క మట్టి రెండు పాళ్లు, దొడ్డు ఇసుక రెండు పాళ్లు, బాగా మాగిన పశువుల ఎరువు ఒక పాలు కలపాలి. ప్లాస్టరింగుకు తెచ్చిన సన్న ఇసుక వేస్తే మట్టి బిగుసుకుపోతుంది. పది అంగుళాల మట్టి కుండీకి ఒక మొక్క. అడుగు రంధ్రం మీద ఒక్క పెంకు చాలు. చాలామంది మూడు అంగుళాల మందాన ఇటుక ముక్కలు నింపుతారు. దాంతో నీళ్లు దిగడం మాట అటుంచి, తడి ముక్కల పైనున్న మట్టిలోనే నిలిచి వేళ్లకు ఇంకా దగ్గరవుతుంది.

బతుకమ్మ పండుగ అయ్యాక విత్తనం వేయాలి. పావు అంగుళం లోతున వేసి పూర్తిగా కప్పాలి, వెలుతురు తగిలితే సరిగా మొలవదు. ఒకటి రెండు వారాల్లో మొలక వస్తుంది. నాలుగైదు ఆకులకు కుండీలోకి మార్చాలి. ఆకులు పుట్టే మొదలు మట్టిలో పూడకూడదు, పూడితే అక్కడే కుళ్లు మొదలవుతుంది.

రోజుకు కనీసం ఆరు గంటల ఎండ కావాలి. మట్టిలో వేలు పెట్టి, రెండు అంగుళాల లోతు వరకు ఆరాకే నీళ్లు పోయాలి, అదీ మొక్క మొదలు దగ్గర కాదు, కుండీ అంచు వెంట. యూరియా వేస్తే ఆకు ఏపుగా వస్తుంది, పూలు తగ్గుతాయి. వాడిన పూలను కాడతో సహా తెంపాలి. సాయంత్రం, మబ్బు పట్టినప్పుడు పువ్వు ముడుచుకుంటుంది. అది తెగులు కాదు, మందు కొట్టకండి. (పొద్దుగూకాక ఆడే బతుకమ్మకు, ఇంట్లో ఫ్లవర్ వాజుకు ఇది అక్కరకు రాదు.)

మృగశిర కార్తెకు ముందే కుండీలను వాన జల్లు పడని, ఎండ మాత్రం తగిలే చూరు కిందికి మార్చాలి. కింద పళ్లెం ఉంటే తీసేయాలి. మట్టి తడిగా ఉన్నా ఆకులు వాలాయంటే వేరు కుళ్లినట్టే, ఇంకా నీళ్లు పోస్తే మొక్క పోతుంది. అప్పుడు గట్టిగా ఉన్న పక్క పిలకలను విడదీసి, కింది ఆకులు తీసేసి, ఉత్త ఇసుకలో నీడన నాటుకోవాలి.