చేప కొనడం, మూడో పాఠం: కన్ను దగ్గరే ఆగిపోకండి

చేప తాజాదో కాదో తెలియాలంటే కన్ను తేటగా మెరుస్తోందా చూడమని పోయిన పాఠంలో అన్నాను కదా, మీలో సగం మంది అక్కడే ఆగిపోయారు. ఒకావిడ భీమవరం చెరువు శీలావతిని కన్ను మసగ్గా ఉందని వదిలేసి వచ్చారట. ఇంకొకాయన కళ్ళు మెరుస్తున్నాయని సంబరపడి తెచ్చిన బొచ్చె చేపను కోస్తే లోపల పేగులు జావైపోయి ఉన్నాయట. ఐసులో పూడ్చిపెట్టిన చేపకు కన్ను మసకబారడం మామూలే, ఐసు కరిగిన నీళ్ళలో నానితే మొప్పల ఎరుపు కూడా వెలిసిపోతుంది, అయినా చేప బాగానే ఉండొచ్చు. ఒక్క గుర్తు చూసి తీర్పు చెప్పెయ్యకండి.

ముందు వీపు మీద వేలితో గట్టిగా నొక్కండి. గుంట వెంటనే పూడాలి, వేలిముద్ర అలాగే నిలబడితే లేచి వచ్చెయ్యండి. తర్వాత పొట్ట. చేప చచ్చాక పేగుల్లోని జీర్ణరసాలు పొట్టగోడనే తినడం మొదలెడతాయి కాబట్టి పాడవడం చాలాసార్లు అక్కడే బయటపడుతుంది. మెత్తగా ఉన్నా, పగిలి ఉన్నా వద్దు. ఆ తర్వాత మొప్ప ఎత్తి ముక్కు పెట్టండి, సిగ్గెందుకు, అమ్మే ఆవిడ ఏమన్నా అనుకుంటే అనుకోనివ్వండి. నీచు వాసన వేరు, పుల్లగానో ముక్కు అదిరేలా ఘాటుగానో వచ్చేది వేరు. మొప్పల జిగురు తేటగా ఉండాలి, గోధుమ రంగులో తీగలు సాగకూడదు.

ఎండాకాలం పొద్దున పది దాటాక ఐసు లేని బుట్ట వైపు నేనసలు వెళ్ళను. రొయ్య తల కాస్త నల్లబడినంత మాత్రాన కంగారు పడకండి, తల ఊడి వేలాడుతూ ఘాటు వాసన వస్తేనే వదిలెయ్యండి. చచ్చిన పీత సంగతి చెప్పక్కర్లేదు, కొననే కొనకండి.

ఇక నాకు ఒళ్ళుమండే మాట ఒకటుంది: "ఉప్పు, పసుపు, నిమ్మకాయ వేసి నాలుగుసార్లు కడిగితే పోతుందండీ." పోయేది వాసన. కానాగంతలు, సూర లాంటి సముద్రపు చేపలు ఐసు లేకుండా వేడిలో పడి ఉంటే బాక్టీరియా వాటి కండలో హిస్టమిన్ అనే, ఎలర్జీ లాంటి బాధలు తెచ్చే పదార్థాన్ని తయారుచేస్తుంది. అది కడిగితే పోదు, పులుసులో మరిగించినా పోదు, వేపుడు చేసినా పోదు, ఫ్రీజర్లో పెట్టినా పోదు. పైగా చేప వాసన మామూలుగానే ఉండొచ్చు. తిన్న కాసేపటికి మొహం ఎర్రబడి, తలనొప్పి, గుండెదడ, దద్దుర్లు వస్తే మనవాళ్ళు "చేప పడలేదు" అని సరిపెట్టుకుంటారు. ఊపిరి ఆడకపోతే సరిపెట్టుకోకండి, ఆస్పత్రికి పరిగెత్తండి. అంటే ఈ రకాలు కొనేటప్పుడు ముక్కుని నమ్మి లాభం లేదు, పట్టినప్పట్నుంచి ఐసులో ఉన్నాయా అని అడగాల్సిందే. జవాబు తేలిగ్గా రాకపోతే కొనకండి.

పులస పులుసు మర్నాటికే రుచంటారు, నిజమే, కానీ అది మంచి చేపని వండాక మాట. పుస్తెలమ్మి కొన్నారు కదా అని పొట్ట జారిన పులసని పొయ్యెక్కించకండి.

అభ్యాసం: చిన్న శీలావతి ఒకటి కొని రెండు ముక్కలు చేసి, ఒకటి ఐసులో, ఒకటి పిల్లి అందుకోకుండా బయట మూతపెట్టి ఉంచండి. పొద్దున్నుంచి సాయంత్రం దాకా గంట గంటకూ రెండిటినీ నొక్కి, వాసన చూసి రాసుకోండి, ప్రతిసారీ చేతులు సబ్బుతో కడుక్కోండి. బయట ఉంచిన ముక్క వండొద్దు, కొబ్బరిచెట్టు మొదట్లో లోతుగా పూడ్చెయ్యండి. రాసుకున్న కాగితం దగ్గర పెట్టుకోండి, ఎండుచేపల పాఠానికి కావాలి.