కొబ్బరితోటలో ఇల్లు: చెట్టునూ నీటిదారినీ కాపాడుకుంటూ కట్టడం

కోనసీమలో కొబ్బరితోట కొన్నవారు చాలామంది ముందుగా చెట్లు కొట్టించి, లారీలకొద్దీ మట్టి తోలించి, స్థలమంతా రోడ్డు కంటే ఎత్తుగా మెరక చేయిస్తారు. దయచేసి అలా చేయించవద్దు. మీ పల్లంలో ఆగవలసిన నీరు పక్కవారి వాకిట్లో నిలుస్తుంది, తరతరాలుగా పారుతున్న బోదె (చిన్న నీటికాలువ) పూడిపోతుంది.

ముందుగా ఒక వానాకాలం ఆగండి. పెద్ద వాన కురిసినప్పుడు అక్కడే నిలబడి, నీరు ఏ మూల నుంచి వచ్చి ఎటు పోతుందో చూసి, ఆ దారి వెంట గూటాలు పాతించండి. 1986 ఆగస్టు గోదావరి వరద ఎంతవరకు వచ్చిందో ఊరి పెద్దలను అడిగి, పాత మండువా ఇళ్ల అరుగుల ఎత్తు కొలిచి, మీ గచ్చు అంతకంటే పైన ఉండేలా నిర్ణయించుకోండి. ఎత్తు పెరగవలసింది ఇంటికే గాని తోటకు కాదు కాబట్టి, స్తంభాల మీద నిలిపిన ఇల్లు ఇక్కడ ఎంతో నయం. నేల నల్లరేగడి అయితే తడికి ఉబ్బి, ఎండకు బీటలు తీస్తుంది. మట్టి పరీక్ష చేయించి, అవసరమైతే అడుగున ఉబ్బెత్తుగా ఉండే అండర్ రీమ్డ్ పైళ్లు (నేలలోకి లోతుగా దింపే కాంక్రీటు పునాది స్తంభాలు) వేయించాలి.

చెట్ల వరుసల మధ్య 25 అడుగులుంటే, కాయలు, మట్టలు పడే చోటుగా ఇరువైపులా ఆరేసి అడుగులు వదిలినా 13 అడుగుల వెడల్పు గది వస్తుంది. అందుకే ఒకే పెద్ద డబ్బాలా కాకుండా, తూర్పు పడమరలుగా సాగే రెండు మూడు సన్నని భాగాలుగా కట్టి వసారాతో కలపడం మేలని నా అభిప్రాయం. ఇంటివైపు ఒరిగిన చెట్టును మాత్రం తీసేయించాలి.

1996 నవంబరు 6 తుఫానును చూసినవారికి గాలి కప్పును కింది నుంచి ఎలా ఎత్తివేస్తుందో తెలుసు. పెంకుటి కప్పుకు దాదాపు 30 డిగ్రీల వాలు ఇచ్చి, చూరు గోడ దాటి అడుగున్నరకు మించకుండా చూసి, వాసాలను గోడమీది కాంక్రీటు బెల్టుకు ఇనుప పట్టీలతో బిగించాలి. వసారా కప్పును విడిగా వేయించాలి. అది ఎగిరిపోయినా అసలు కప్పు నిలుస్తుంది.

ప్రహరీ తప్పదనుకుంటే, బోదె దాటే ప్రతిచోటా అడుగున తూములు ఉంచి, వాటి జాలీలలో చిక్కుకున్న పీచును, ఆకులను తొలకరికి ముందే తీయించండి.