పాత ఎక్స్‌పీ స్టార్టప్ సౌండ్‌ని ఫోన్ రింగ్‌టోన్‌గా పెట్టుకోవాలంటే

మా నాన్న కొన్న మొదటి కంప్యూటర్‌లో విండోస్ ఎక్స్‌పీ ఉండేది, స్విచ్ నొక్కాక ఆ స్టార్టప్ మ్యూజిక్ వచ్చిందంటే వంటింట్లోంచి అమ్మ "మళ్ళీ పెట్టావా" అనేది, అందుకే ఆ సిస్టమ్‌ని స్క్రాప్‌కి వేసే ముందు హార్డ్ డిస్క్ తీసి సౌండ్లన్నీ కాపీ చేసి పెట్టుకున్నా. మీ ఇంట్లో కూడా పాత సీపీయూ ఏదైనా మూలన పడి ఉంటే పారేసే ముందు ఈ పని చేసుకోండి, పది నిమిషాల్లో అయిపోతుంది.

సి డ్రైవ్‌లో విండోస్ ఫోల్డర్, దాంట్లో మీడియా అనే ఫోల్డర్ ఉంటుంది, అన్నీ అక్కడే. డింగ్, కార్డ్, టడా, చైమ్స్, నోటిఫై, స్టార్టప్, షట్‌డౌన్ అన్నీ వేవ్ (.wav) అనే రకం సౌండ్ ఫైల్సే. అక్కడే పెట్టి ఏమీ మార్చొద్దు, ముందు డెస్క్‌టాప్ మీద కొత్త ఫోల్డర్ చేసి అందులోకి కాపీ చేసుకోండి.

విండోస్ 7 వాళ్ళకి ఒక చిక్కు ఉంది. మీడియా ఫోల్డర్ మొత్తం వెతికినా స్టార్టప్ సౌండ్ దొరకదు, ఎందుకంటే అది సిస్టమ్32లో ఉన్న ఇమేజ్‌రెస్ డీఎల్ఎల్ (imageres.dll) ఫైల్ లోపల ఉంటుంది, డీఎల్ఎల్ అంటే విండోస్ వాడుకునే సరుకు దాచిపెట్టే ఫైల్. ఆ డీఎల్ఎల్‌ని కూడా కాపీ చేసుకుని సెవెన్ జిప్ (7-Zip) అనే ఫ్రీ సాఫ్ట్‌వేర్‌తో ఓపెన్ చేస్తే రిసోర్సుల్లో వేవ్ అనే ఫోల్డర్, దాంట్లో 5080 అనే పేరుతో ఫైల్ కనిపిస్తుంది. దాన్ని బయటకి తీసి పేరు చివర డాట్ వేవ్ (.wav) అని పెడితే ప్లే అవుతుంది.

ఇది చూసి పేరు మారిస్తే ఫార్మాట్ మారిపోతుంది అనుకోకండి. అక్కడ లోపలున్నదే వేవ్ కాబట్టి పనిచేసింది అంతే, ఎంపీ3కి డాట్ వేవ్ అని పేరు తగిలిస్తే అది ఎంపీ3గానే ఉంటుంది, విండోస్‌లో అలర్ట్ సౌండ్‌గా పెడితే తీసుకోదు.

మాక్‌లో అయితే సిస్టమ్, దాంట్లో లైబ్రరీ, దాంట్లో సౌండ్స్, అక్కడివి ఏఐఎఫ్ఎఫ్ అనే రకం సౌండ్ ఫైల్స్. ఉబుంటులో యూఎస్ఆర్, షేర్, సౌండ్స్ అలా వెళ్ళాలి, అవి ఓజీఏ అనే ఇంకో రకం.

ఇక కన్వర్ట్ చేయడానికి నేను ఆడాసిటీ అనే సౌండ్ ఎడిటింగ్ సాఫ్ట్‌వేరే వాడతా, ఫ్రీ, పైగా సౌండ్ అలలు గీతల్లా కంటికి కనిపిస్తాయి. ఫైల్‌ని లాగి అందులో వేయండి, ముందు ఖాళీ ఉంటే సెలెక్ట్ చేసి డిలీట్ కొట్టండి, చివర్లో మాత్రం గీత సన్నబడిందని తొందరపడి కోయొద్దు, ఎక్స్‌పీ సౌండ్‌లో ఆ మెల్లగా ఆగిపోయే తోకే అందం. తర్వాత ఫైల్ మెనూలో ఎక్స్‌పోర్ట్, ఎంపీ3, 192 కేబీపీఎస్ (సెకనుకి 192 కిలోబిట్లు) చాలు. 44,100 హెర్ట్జ్, 16 బిట్ స్టీరియో వేవ్ ఒక్క సెకనుకి దాదాపు 176 కేబీ తీసుకుంటుంది, ఎంపీ3లో అదే 24 కేబీ. కానీ ఒరిజినల్ వేవ్ డిలీట్ చేయొద్దండి, ఎంపీ3లో పోయిన క్వాలిటీ మళ్ళీ వేవ్ చేసినా రాదు.

ఆండ్రాయిడ్ ఫోన్‌కి కేబుల్ పెట్టి, కాల్స్‌కైతే రింగ్‌టోన్స్ ఫోల్డర్‌లో, మెసేజ్‌లకైతే నోటిఫికేషన్స్ ఫోల్డర్‌లో వేసేయండి, సెట్టింగ్స్‌లో సౌండ్స్‌కి వెళ్తే లిస్టులో కనిపిస్తుంది. అమ్మ నంబర్‌కి నేను పెట్టుకున్నది ఆ ఎక్స్‌పీ స్టార్టప్పే.