ఉచిత లాయరుకు ఆదాయ సర్టిఫికెట్ అడిగితే (నా అనుభవం)

చంటిబిడ్డకు తండ్రి నుంచి మనోవర్తి ఇప్పించాలి. కేసు తిరుపతిలోనే వేయొచ్చు, తండ్రి ఎక్కడున్నా సరే. తల్లి ఉండే ఊరు చాలు. ఉచిత లాయరు కోసం మొదట వెళ్లిన చోట ఆదాయ సర్టిఫికెట్ లేనిదే అర్జీ తీసుకోం అన్నారు. 1987 న్యాయసేవల చట్టం 12వ సెక్షన్‌లో పిల్లలు, స్త్రీలు, ఎస్సీ ఎస్టీలు, దివ్యాంగులు, మానసిక రోగులకు ఆదాయంతో పనే లేదు. అర్జీ మొదటి వరుసలోనే ‘12(సి) కింద, స్త్రీ, బిడ్డ’ అని రాయించాం. ఇక మాట్లాడలేదు. తెల్లకాగితం, తెలుగు చాలు. చదువురాకపోతే నోటితో చెప్పినా రాసుకోవాలి. దారి తెలియకపోతే న్యాయసేవల హెల్ప్‌లైన్ 15100కు ఫోన్ చేయండి.

అసలు చిక్కు ఆస్తి-అప్పుల అఫిడవిట్‌తో. 2020 నుంచి తల్లీ తండ్రీ ఇద్దరూ వేయాల్సిందే. గడి ఖాళీగా వదిలితే వాయిదా. లేనిచోట ‘లేదు’ అని రాయాలి, పాలడబ్బా బిల్లు దగ్గర్నుంచి జతచేయాలి. మధ్యంతర మనోవర్తికి (కేసు తేలేలోగా ఇచ్చేది) 60 రోజుల గడువు తండ్రికి నోటీసు అందాకే మొదలవుతుంది. అందుకే ఇంటి చిరునామాతోపాటు అతను పనిచేసే చోటు కూడా ఇచ్చాం. ఇల్లు తాళం వేసుంటే నోటీసు తిరిగొస్తుంది మరి.

ఆ ఉచిత లాయరు ‘ఖర్చుల’ పేరుతో పైసా అడిగినా, న్యాయసేవల సంస్థ కార్యదర్శికి రాతపూర్వకంగా ఫిర్యాదు ఇవ్వండి, వేరేవాళ్లను వేస్తారు.