ఆర్ఎక్స్ 100 ఇంజిన్‌ని ఇంట్లోనే ఫ్రేమ్ నుంచి దించడం ఎలా

నాన్న బండి 1993 మోడల్ యమహా ఆర్ఎక్స్ 100. ఆరేళ్లుగా ఖమ్మంలో మా ఇంటి వెనక రేకుల షెడ్డులో పట్టా కప్పుకుని ఉంది. కిక్ కొడితే ఇప్పటికీ స్టార్ట్ అవుతుంది కానీ రేజ్ చేస్తే అడుగు నుంచి గరగరమని ఒక శబ్దం వస్తుంది, క్రాంక్ (పిస్టన్ తిప్పే లోపలి ఇరుసు) బేరింగ్ పోయిందని వినగానే తెలిసిపోతుంది. బండి మొత్తాన్ని షాపులో వదిలేసి రావచ్చు, చాలామంది అదే చేస్తారు. నాకు మనసొప్పలేదు. 1985లో మొదలైన ఈ మోడల్ తయారీ 1996లో ఆగిపోయింది, ఒరిజినల్ క్రాంక్, ఒరిజినల్ బోర్ (పిస్టన్ ఆడే సిలిండర్ రంధ్రం), ఒరిజినల్ కార్బొరేటర్ ఉన్న బండ్లు రోజురోజుకీ తగ్గిపోతున్నాయి, అందుకే ఇంజిన్ నేనే దించి, అది ఒక్కటే తీసుకెళ్లి నా కళ్ల ముందు కేస్ (క్రాంక్, గేర్లు ఉండే ఇంజిన్ పెట్టె) విప్పించాలనుకున్నాను. మీ ఇంట్లో కూడా ఇలాంటి బండి ఉంటే ఇది చదివి ధైర్యంగా మొదలుపెట్టండి, ఒక ఆదివారం చాలు.

ముందు ఒక మాట. మీ సమస్య పిస్టన్, రింగులు, బోర్ దగ్గరే అయితే ఇంజిన్ దించక్కర్లేదు. హెడ్డు, సిలిండర్ ఫ్రేమ్‌లో ఉండగానే పైకి వచ్చేస్తాయి, సిలిండర్ ఒక్కటే లేత్ షాపుకి తీసుకెళ్లి రీబోర్ (అరిగిన బోర్‌ని కొంచెం పెద్దది చేసి నునుపు చేయడం) చేయించుకోవచ్చు. క్రాంక్, బేరింగులు, గేర్లు, అంటే కేస్ రెండు ముక్కలుగా విప్పాల్సిన పని ఉంటేనే దించాలి. ఏ పనో తేలకుండా విప్పడం మొదలుపెడితే అనవసరంగా ప్యాకింగులు పాడవుతాయి.

పానాల దగ్గర పొదుపు చేయకండి. 8 నుంచి 17 వరకు రింగ్ స్పానర్లు, మంచి సాకెట్ సెట్, ప్లగ్ పానా, ముక్కు ప్లయర్, రబ్బర్ సుత్తి, చిన్న ఇత్తడి కడ్డీ ఒకటి ఉంటే చాలు. వీటన్నిటికంటే ముఖ్యం ఇంపాక్ట్ స్క్రూడ్రైవర్, అంటే వెనక సుత్తితో కొడితే ముందు తిరిగేది. జపాన్ డిజైన్ బండ్లకి సైడ్ కవర్ల మీద ఉండే ప్లస్ స్క్రూలు మామూలు స్టార్ డ్రైవర్‌కి సరిగ్గా కూర్చోవు, ముప్పై ఏళ్ల తుప్పు మీద బలవంతంగా తిప్పితే తల అరిగిపోయి గుండ్రంగా అయిపోతుంది, తర్వాత డ్రిల్ పెట్టడం తప్ప దారి ఉండదు. ఇంపాక్ట్ డ్రైవర్‌ని స్క్రూ తలలో గట్టిగా నొక్కి పట్టి ఒక్క దెబ్బ వేస్తే టక్కున లూజవుతుంది. దాని ధర మొదటి స్క్రూ దగ్గరే తీరిపోతుంది.

ముందురోజు రెండు పనులు చేసిపెట్టుకోండి. ఒకటి, ఇంజిన్‌ని బయట నుంచి శుభ్రంగా కడగడం. డీజిల్, పాత బ్రష్‌తో రుద్ది, సర్ఫ్ నీళ్లతో కడిగి ఆరబెట్టండి. చైన్ స్ప్రాకెట్ కవర్ దగ్గర గ్రీజు, ఇసుక కలిసి రాయిలా గట్టిపడి ఉంటుంది, అది కార్బొరేటర్ తీసిన రంధ్రంలో ఒక్క గింజంత పడినా బోర్ గీసుకుపోతుంది. రెండోది, కనిపించే ప్రతి నట్టు మీదా, ముఖ్యంగా సైలెన్సర్ బెండ్ పైప్ దగ్గరా ఇంజిన్ మౌంటింగ్ బోల్టుల రెండు చివర్లా తుప్పు వదిలించే స్ప్రే కొట్టి రాత్రంతా వదిలేయండి. అలాగే కేస్ మీద ఇంజిన్ నంబర్ తుడిచి, కాగితం పెట్టి పెన్సిల్‌తో రుద్ది ప్రింట్ తీసుకోండి, ఆర్‌సీతో పోల్చి చూసుకోండి. పాత బండి రిజిస్ట్రేషన్ రెన్యువల్‌కి ఆ నంబరు అవసరం, షాపుకి ఇచ్చేటప్పుడు ఈ కేసే తిరిగి రావాలని చెప్పడానికి కూడా పనికొస్తుంది.

పని మొదలుపెట్టే రోజు బండిని గట్టి నేల మీద సెంటర్ స్టాండ్ వేసి, ముందు చక్రానికి అటూ ఇటూ ఇటుకలు పెట్టండి. మొదట బ్యాటరీ నెగటివ్ వైరు తీయండి. తర్వాత సీటు, పెట్రోల్ ట్యాంకు. కాక్ మూసి, పైపు తీసి, ట్యాంకులో ఉన్న పెట్రోల్‌ని డబ్బాలో పోసి వంటింటికి దూరంగా పెట్టండి. మా ఇంట్లో షెడ్డు పక్కనే తులసికోట ఉంది, అమ్మ సాయంత్రం దీపం పెడుతుంది కాబట్టి ఆ రోజు పెట్రోల్ డబ్బా మేడ మీదికి చేర్చాను. ఇంజిన్ కింద తొట్టి పెట్టి గేర్ ఆయిల్ డ్రెయిన్ చేయండి, ఆరేడు వందల మిల్లీలీటర్లు వస్తుంది. ఆ ఆయిల్‌ని వేళ్ల మధ్య రుద్ది చూడండి, మెరిసే రజను తగిలితే గేర్లలోనో బేరింగుల్లోనో అరుగుదల ఉన్నట్టే. డ్రెయిన్ బోల్టు వాషర్‌తో సహా వెంటనే చేత్తో బిగించి పెట్టేయండి, పోదు.

ఇక్కడ చాలామంది ఒక పొరపాటు చేస్తారు, ఇంజిన్ కిందికి దించేశాక అప్పుడు మ్యాగ్నెట్ (ఇంజిన్‌తో తిరుగుతూ కరెంటు పుట్టించే చక్రం) నట్టు, ముందు స్ప్రాకెట్ విప్పబోతారు. నేల మీద ఉన్న ఇంజిన్‌ని పట్టుకుని గట్టి నట్టు తిప్పడం ఇద్దరి వల్ల కూడా కాదు, ఇంజినే గిర్రున తిరుగుతుంది. గట్టిగా ఉండేవన్నీ ఫ్రేమ్‌లో ఉండగానే, చైన్ ఇంకా తగిలి ఉండగానే కొంచెం లూజు చేసి వదిలేయాలి. టాప్ గేర్ వేసి, గేర్ రాడ్ (దానికి పెట్టాల్సిన గుర్తు సంగతి కింద చెప్పాను), స్ప్రాకెట్ కవర్ తీసి, ఒక మనిషిని వెనక బ్రేకు గట్టిగా తొక్కమని చెప్పి, స్ప్రాకెట్‌కి లాక్ వాషర్ మడత ఉంటే ముందు దాన్ని లేపి విప్పండి. మ్యాగ్నెట్ నట్టు కూడా అలాగే. సిలిండర్ హెడ్డు నట్లు కూడా ఎదురెదురుగా పావు మలుపు చొప్పున లూజు చేసుకోవచ్చు. మ్యాగ్నెట్‌ని మాత్రం సుత్తితో కొట్టి ఊడదీయాలని చూడకండి, లోపలి అయస్కాంతాలు పగులుతాయి. అది పుల్లర్‌తోనే రావాలి, ఆ పని తర్వాత కూడా చేయొచ్చు.

మిగతావన్నీ వరసగా వచ్చేస్తాయి: సైలెన్సర్, చైన్ లాక్ తీసి చైన్, క్లచ్ కేబుల్, ప్లగ్ క్యాప్. గేర్ రాడ్ తీసే ముందు షాఫ్ట్ మీదా రాడ్ మీదా ఒకే గీతలో మార్కర్‌తో చుక్క పెట్టండి, లేకపోతే బిగించాక రాడ్ పైకో కిందికో ఉండి కాలికి అందదు. రాడ్ బోల్టు లూజు చేస్తే సరిపోదు, పూర్తిగా బయటికి లాగాలి. సైలెన్సర్ నట్ల దగ్గర ఓపిక పట్టండి, ముందు కొంచెం బిగించే వైపు కదిలించి తర్వాత విప్పే వైపు తిప్పండి, కీచుమంటే ఆపి మళ్లీ స్ప్రే కొట్టండి. కార్బొరేటర్‌ని కేబుల్‌తోనే వదిలేసి ఫ్రేమ్‌కి తాడుతో కట్టేయొచ్చు. ఇన్‌టేక్, ఎగ్జాస్ట్ రంధ్రాల్లో పెద్ద గుడ్డ కుక్కండి, చిన్న పీలిక పెడితే లోపలికి జారిపోయి ఎవరికీ గుర్తుండదు.

మ్యాగ్నెట్ నుంచి వచ్చే వైర్లు, న్యూట్రల్ వైరు కప్లర్ల దగ్గర ఊడదీయాలి, వైరు పట్టి లాగకూడదు. ముప్పై ఏళ్ల వైరింగ్‌లో రంగులు వెలిసిపోయి అన్నీ ఒకేలా కనిపిస్తాయి, ఊడదీసే ముందు ఫోటో తీసి, ప్రతి జతకీ ఒకే నంబరు రాసిన టేపు ముక్కలు అంటించండి.

ఇక 2టి (టూ స్ట్రోక్ ఇంజిన్) ఆయిల్ పంపు. ఈ బండికి పెట్రోల్‌లో ఆయిల్ కలిపే పని లేకుండా విడిగా ఆయిల్ ట్యాంకు, పంపు ఉంటాయి, యమహా దీన్ని ఆటోల్యూబ్ అంటుంది. ట్యాంకు నుంచి పంపుకి వచ్చే పైపు తీయగానే ఆయిల్ కారుతూనే ఉంటుంది, కాబట్టి సరిపోయే బోల్టు ఒకటి ముందే దగ్గర పెట్టుకుని పైపు మూతికి దూర్చేయండి. పంపు నుంచి ఇన్‌టేక్ వైపు వెళ్లే సన్న పైపుని, పంపు కేబుల్‌ని కూడా జాగ్రత్తగా తీయండి, ఆ సన్న పైపు పాతబడి పెళుసుగా ఉంటే కొత్తది వేసేయడమే మంచిది. ఇంజిన్ తిరిగి ఎక్కించిన రోజు ఈ పంపులో గాలి మిగిలిపోతే ఆయిల్ అందక పిస్టన్ సీజ్ అవుతుంది, అంటే సిలిండర్‌లో పట్టేస్తుంది, వేలు పోసి చేయించిన రీబోర్ రెండు కిలోమీటర్లలో పోతుంది. అందుకని బిగించాక ట్యాంకు నింపి, పంపు మీద ఉండే బ్లీడ్ స్క్రూ లూజు చేసి బుడగలు లేకుండా ఆయిల్ ధారగా వచ్చేదాకా ఆగి అప్పుడు బిగించండి, మొదటి రెండు లీటర్ల పెట్రోల్‌లో లీటరుకి 20 మిల్లీలీటర్ల చొప్పున 2టి ఆయిల్ విడిగా కలపండి. కొంచెం పొగ వస్తే రానివ్వండి.

ఇప్పుడు అసలు దించడం. కారు జాకీ ఒకటి తీసుకుని దాని మీద అంగుళం మందం చెక్క పెట్టి ఇంజిన్ అడుగున ఆనించండి, చెక్క డ్రెయిన్ బోల్టు మీద పడకుండా చూసుకోండి. ఫ్రేమ్ కింద రెండు వైపులా ఇటుకలు, చెక్కలు పేర్చండి, ఇంజిన్ బరువు పోగానే బండి తూకం మారుతుంది, ఒక్క సెంటర్ స్టాండ్‌ని నమ్ముకోవద్దు. మౌంటింగ్ నట్లన్నీ అర మలుపు చొప్పున లూజు చేసి, తర్వాత ఒక్కోటీ తీయండి.

నేను ఇక్కడే దెబ్బతిన్నాను. వెనక బోల్టు రాకపోతే విసుగొచ్చి నట్టు పూర్తిగా తీసేసి ఇనుప సుత్తితో నేరుగా చివర మీద కొట్టాను. మూడో దెబ్బకి బోల్టు కొస పుట్టగొడుగులా చితికి పరుచుకుంది, అటూ రాదు, ఇటూ పోదు. చివరికి హాక్సా బ్లేడుతో గంటన్నర కోస్తే గానీ బయటపడలేదు. బోల్టు రాకపోవడానికి కారణం తుప్పు కాదు, ఇంజిన్ బరువంతా దాని మీద వేలాడుతోంది, అంతే. మరుసటి బోల్టుకి జాకీని పావు మలుపు పైకి, పావు మలుపు కిందికి తిప్పుతూ బోల్టు తలని వేళ్లతో తిప్పి చూశాను. ఒక చోట అకస్మాత్తుగా వేళ్లకి లొంగింది, వెన్నలో చాకులా బయటికి జారింది. ఆ తూకం దొరికేదాకా సుత్తి ముట్టుకోకండి. నిజంగా కొట్టాల్సి వస్తే నట్టుని కొసకి సమానంగా ఉండేలా తిప్పి ఉంచి, మధ్యలో ఇత్తడి కడ్డీ పెట్టి కొట్టండి, అప్పుడు మర చెడదు.

ఆఖరి బోల్టు తీసేటప్పుడు రెండో మనిషి తప్పనిసరిగా ఇంజిన్ పట్టుకుని ఉండాలి. పాతిక కిలోల బియ్యం బస్తా ఎత్తగలిగిన మనిషి దీన్ని ఎత్తగలడు, కానీ బస్తాలా ఒంటికి ఆనదు, ఫిన్లు చేతికి కోసుకుంటాయి, కాబట్టి గ్లవ్స్ వేసుకోండి. జాకీ మెల్లగా దించుతూ ఏ వైరో కేబులో ఇంకా తగిలి ఉందేమో ప్రతి అంగుళానికీ చూడండి, దాదాపు ప్రతిసారీ ఒకటి మిగిలి ఉంటుంది. నేను సైలెన్సర్ వైపు నుంచి తీశాను, అటు ఖాళీ ఎక్కువ. కింద పాత స్కూటర్ టైరు పరిచి ఉంచుకుంటే దాని మీద కూర్చోబెట్టేయొచ్చు, దొర్లదు, ఫిన్లు విరగవు.

తీసిన మౌంటింగ్ బోల్టుల్ని డబ్బాలో వేయకండి. ఏది ఏ రంధ్రంలో నుంచి వచ్చిందో అదే రంధ్రంలో, వచ్చిన వైపు నుంచే, వాషర్లతో సహా దూర్చి నట్టు చేత్తో తిప్పి వదిలేయండి. వాటి పొడవుల్లో కొంచెం తేడాలుంటాయి, రెండు నెలల తర్వాత క్రాంక్ పని పూర్తయి ఇంజిన్ తిరిగి వచ్చిన రోజు ఆ తేడా మీకు గుర్తుండదు.